ఒకటో బ్లాకు మూసిన ఏడాది

రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నన్ను సికింద్రాబాద్ కార్యాలయానికి అసిస్టెంట్ డైరెక్టర్‌గా వేశారు. పశువైద్యంలో డిగ్రీ తీసుకుని వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరినవాళ్లు చాలా ఏళ్లకు గానీ ఎక్కని మెట్టు అది. అక్కడికి చేరాక చేతిలో సూది తగ్గి పెన్ను ఎక్కువవుతుంది. చేరిన వారానికే పశుగ్రాస అభివృద్ధి పనిని కూడా అదనపు బాధ్యతగా అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. అదనపు బాధ్యత అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జీతం అంతే ఉంటుంది, సంతకాలు రెట్టింపవుతాయి, తప్పు జరిగితే సంజాయిషీ రెండు కుర్చీల్లో కూర్చుని రాసుకోవాలి.

నేను పల్లెటూరి మనిషిని కాను. మా నాన్న రైల్వేలో గుమాస్తా, నేను పుట్టి పెరిగింది చిలకలగూడలో. పశువైద్యం చదువుతానంటే మా చర్చిలో పెద్దవాళ్లు చాలామంది ఇది ఆడపిల్ల చేసే పనేనా అని అమ్మను అడిగారు. అమ్మ వాళ్లకు ఏం చెప్పిందో నాకు తెలియదు కానీ నన్ను మాత్రం చదివించింది. గేదెలతో, గొర్రెలతో పాతికేళ్లు గడిపాక, వాటి సంగతి నాకు తెలియనిది లేదనే ధీమా నాకు బాగానే ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది ఆ ధీమా గురించే.

మౌలాలి దాటి ఇంకా ముందుకు వెళితే అప్పట్లో ఒక ఊరికి మూడు వందల చిల్లర ఎకరాల బంచరాయి ఉండేది. బంచరాయి అంటే ఊరందరి పశువుల మేత కోసం వదిలిన ప్రభుత్వ భూమి. రెవెన్యూ కాగితాల్లో దాన్నే గైరాన్ అని రాస్తారు. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. దాన్ని బాగు చేయడానికి మూడేళ్ల మేత ప్రణాళిక తయారుచేయమని నాకు చెప్పారు.

మొదటిసారి వెళ్లి చూసినప్పుడు ఊరికి దగ్గరగా ఉన్న వైపంతా తంగేడు, సీతాఫలం తప్ప ఏమీ లేదు. చూడటానికి పచ్చగానే ఉంది. కొత్తవాళ్లు అలాంటి చోట ఫొటోలు దిగుతారు. మేత చూసేవాళ్లకు మాత్రం అది చెడ్డ గుర్తు. ఆ రెండూ మేకలు కూడా ముట్టనివి. తినదగ్గవన్నీ అయిపోయి, తినకూడనివి మాత్రమే ఏపుగా పెరిగాయన్నమాట. గుట్ట అవతలి వైపు నయం. అక్కడ గడ్డి ఉంది, రేగు, తుమ్మ చిగుళ్లు ఉన్నాయి, ఒక కుంట కూడా ఉంది.

పద్ధతి ప్రకారమే పని మొదలుపెట్టాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఇనుప చట్రాన్ని కళ్లు మూసుకుని విసిరి, అది పడిన చోట లోపలి గడ్డినంతా కోసి, ఎండబెట్టి, తూచాలి. అలా చాలా చోట్ల చేస్తే భూమి ఎంత మేత ఇవ్వగలదో ఒక అంచనా వస్తుంది. ఎన్ని జీవాలు మేస్తున్నాయో కూడా తెలిస్తే, రెండూ పక్కపక్కన పెట్టి భూమిని బ్లాకులుగా విడగొడతాం. ఒక్కో ఏడు ఒక్కో బ్లాకును మృగశిర నుంచి దసరా దాకా మూసేస్తాం. తొలకరికి మొలిచిన గడ్డి విత్తనం రాల్చేదాకా దాని మీద నోరు పడకూడదు. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

చిక్కంతా జీవాల లెక్క దగ్గరే వచ్చింది. ఆ ఊరి కురుమలు తమ గొర్రెల సంఖ్య చెప్పరు. వాళ్ల గొర్రెల పెంపకందారుల సంఘం అధ్యక్షుడు అయిలయ్యను అడిగితే నవ్వాడు. యాభై దాటిన మనిషి, భుజం మీద గొంగడి లేకుండా నేను ఆయన్ని చూడలేదు.

“లెక్కవెట్టి చెప్తే మందకు మంచిది గాదు మేడమ్. ఉన్నయనుకోండ్రి, జెర ఎక్కువనే ఉన్నయి.”

దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. దాన్ని చాలామంది జూనియర్లకు గొప్పగా నేర్పాను కూడా. వానలకు ముందు మా శాఖ నట్టల నివారణ మందు తాగిస్తుంది. కడుపులో పురుగులు పోవడానికి ఒక్కో జీవానికీ గొంతులో మందు పోసి, మళ్లీ పోయకుండా వీపు మీద రంగు గుర్తు వేస్తారు. ఎవరి మందకు ఎన్ని మోతాదులు పోశామో రిజిస్టర్‌లో రాస్తారు. అంటే కాపరి నోరు విప్పకుండానే లెక్క వచ్చేసినట్టు. మందు వద్దనేవాడు ఉండడు కాబట్టి ఆ లెక్కలో తప్పు ఉండదని నా నమ్మకం.

మే మొదటి వారంలో మూడు రోజులు క్యాంపు పెట్టాం. మా లైవ్‌స్టాక్ అసిస్టెంట్ యాదగిరి ముందురోజు సాయంత్రం ఊళ్లో చాటింపు వేయించాడు. క్యాంపు పొద్దున ఏడు గంటలకు. మందలు మేతకు కదలకముందు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మందు పోయాలి కాబట్టి ఆ వేళ. మందలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మూడో రోజుకు మా చేతులు పడిపోయాయి, రిజిస్టర్ నిండింది. ఆ రిజిస్టర్ ముందు పెట్టుకునే మొత్తం ప్రణాళిక రాశాను.

నాలుగు బ్లాకులు చేశాను. అన్నిటికన్నా పాడైపోయింది ఊరి వెనక ఉన్న ఒకటో బ్లాకు, కాబట్టి ముందు దాన్ని మూయాలి. అదీ రెండు వానాకాలాలు వరసగా మూయాలి. చుట్టూ కందకం తవ్వించి, లోపల స్టైలో అనే పశుగ్రాసం విత్తనం చల్లి, సంఘం తరఫున ఒక కాపలాదారును పెట్టాలి. మే నెలాఖరున సంఘం సర్వసభ్య సమావేశంలో పటం గోడకు తగిలించి అంతా వివరించాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని మూడుసార్లు అడిగాను. ఒక్కరు కూడా చెయ్యి ఎత్తలేదు. తీర్మానం మీద అందరూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. మేత భూమి మూస్తామంటే కర్రలు పట్టుకుని వచ్చిన ఊళ్లు చూసినదాన్ని, నా ముందు ఇంత నెమ్మదిగా ఒప్పుకున్న ఊరు అదే. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆయనతో నా పటం వాళ్లకు ఎంత బాగా అర్థమైందో చెప్పుకుని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మృగశిర రోజున బ్లాకు మూశారు. జూన్ చివర్లో ఒకరోజు పదకొండు గంటల వేళ, ఆఫీసులో ఫైళ్లు చూస్తుంటే ఒకామె లోపలికి వచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయి. కొంగు బొడ్లో దోపుకుని ఉంది, చేతులు సబ్బు నీళ్లకు నాని ముడతలు పడి ఉన్నాయి. పేరు బాలమణి అని చెప్పింది, నేను ప్రణాళిక రాసిన ఊరే. భర్త పోయాడు, ఇంట్లో ముసలి అత్త, ఏడు మేకలు ఉన్నాయి. ఆ మేకలు బ్లాకులోకి దిగాయని ముందురోజు సాయంత్రం కాపలాదారు తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టాడట. పంచాయతీవాళ్లు తప్పు చేసిన పశువులను కట్టేసే దొడ్డి అది. చీకటి పడ్డాక బతిమాలితే, ఈసారికి వదిలేస్తున్నామని పంపారు.

“మేడమ్, గది మూసిన్రు. మంచిగనే ఉన్నది. గని నా మేకలు ఏడ తినాలె, జెర చెప్పుండ్రి” అంది.

మిగతా మూడు బ్లాకులు తెరిచే ఉన్నాయి కదమ్మా అన్నాను. ఆమె చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పింది. తను పొద్దున తొలి బస్సుకు సికింద్రాబాద్ వస్తుంది. పద్మారావు నగర్‌లో నాలుగిళ్లలో గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, మూడు గంటలకు ఊరు చేరుతుంది. అప్పుడు మేకలను విప్పి ఇంటి వెనకే వదిలి, చీకటి పడకముందు కట్టేస్తుంది. మిగతా మూడు బ్లాకులూ గుట్ట అవతల ఉన్నాయి. నడిచి పోయేసరికే పొద్దు వాలుతుంది, పైగా అక్కడ పెద్ద మందల కుక్కలు మేకలను దగ్గరికి రానివ్వవు.

ఇక్కడ నేను అధికారిలాగే మాట్లాడాను. రిజిస్టర్ తీసి వెతికి, నీ పేరే లేదే, నట్టల మందు క్యాంపుకు మేకలను ఎందుకు తేలేదు, తెచ్చి ఉంటే లెక్కలోకి వచ్చేవి కదా అని మందలించాను.

“ఏడింటికి పెట్టిన్రు గద మేడమ్ క్యాంపు. ఏడింటికి నేను పద్మారావు నగర్ల గిన్నెలు తోముతుంట. నేనొక్కదాన్నే గాదు, వాడల ఆడోళ్లందరం గా బస్సుల్నే ఉంటం.”

మా ఇల్లు పద్మారావు నగర్‌లోనే. మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఏడింటికే వచ్చేది, పది నిమిషాలు ఆలస్యమైతే నేను గుమ్మంలో నిలబడి గడియారం చూసేదాన్ని. పొద్దున ఏడింటికి ఆ ఊరి ఆడవాళ్లు ఎక్కడ ఉంటారో తెలుసుకోవడానికి నాకు సర్వే అక్కర్లేదు. అయినా తట్టలేదు.

మరుసటి వారం యాదగిరిని వెంటబెట్టుకుని మూడు రోజులు మధ్యాహ్నం మూడింటి నుంచి చీకటి పడేదాకా ఒకటో బ్లాకు కందకం దగ్గర కూర్చున్నాను. సంఘంలో చేరాలంటే కులవృత్తి గొర్రెలు కాయడమై ఉండాలి, పేరు ఇంటి మగవాడిది ఉండాలి. అక్కడ నాకు కనబడినవాళ్లలో ఎవరికీ ఆ రెండూ లేవు. కొందరు దళితవాడ వాళ్లు, కొందరు చాకలి, మంగలి ఇళ్ల వాళ్లు, అందరూ ఆడవాళ్లే. రెండు మేకలు ఉన్నామె ఒకరు, తొమ్మిది ఉన్నామె ఒకరు. వాళ్లు కందకం అంచున మేకలను తాళ్లతో పట్టుకుని, లోపల మొలుస్తున్న గడ్డిని చూస్తూ నిలబడ్డారు. ఇరవై ఆరు ఇళ్లని తేలింది. యాదగిరి లెక్క రాస్తూ, మేడమ్ ఇవి మన రిజిస్టర్‌లో ఒక్కటి కూడా లేవు అని రెండుసార్లు అన్నాడు. ఒకసారి అంటే చాలదా అని కసురుకున్నాను. కోపం అతని మీద కాదని అతనికీ తెలుసు.

ప్రణాళిక మార్చాలని నిర్ణయించుకున్నాను. ఇక్కడ పద్ధతి కొంచెం చెప్పాలి. సాంకేతిక మంజూరు పొందిన ప్రణాళికను మార్చాలంటే ముందు జాయింట్ డైరెక్టర్‌కు నోట్ పెట్టాలి. ఆయన కారణాలు అడుగుతారు, వాటికి జవాబు రాయాలి. తర్వాత సవరించిన పటం, కొత్త లెక్క, సంఘం కొత్త తీర్మానం కావాలి. తీర్మానానికి సర్వసభ్య సమావేశం, దానికి ముందస్తు నోటీసు. మా జాయింట్ డైరెక్టర్ గారు చెడ్డవారు కాదు. ఈ ఒక్క సీజన్ ఇలాగే పోనివ్వండి, వచ్చే ఏడు మార్చుకుందాం అన్నారు. నేను పట్టుబట్టాను. ఆయన సరేనన్నారు. ఆ పట్టుబట్టడం చూసి నాకు నా మీద గౌరవం కలిగింది.

జూలైలో బాలమణి మళ్లీ వచ్చింది. మేకలకు దారి పక్క కొమ్మలు కొట్టి వేస్తోందట. పని నుంచి వచ్చి కొడవలి పట్టుకుని తిరిగితే ఏడు మేకలకూ సగం కడుపు కూడా నిండటం లేదంది. నేను ఆమెకు ఫైలు చూపించాను, నిజంగానే చూపించాను, ఆకుపచ్చ సిరాతో జాయింట్ డైరెక్టర్ గారు రాసిన మాటలు చదివి వినిపించాను. అంతా నడుస్తోంది, ఒక్క నెల ఆగమ్మా అన్నాను. ఆమె తల ఊపి, రెండో ఇంటికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

ఆగస్టు మధ్యలో రెండో సర్వసభ్య సమావేశం పెట్టాం. ఈసారి సాయంత్రం ఐదు గంటలకు పెట్టించాను, వాడ ఆడవాళ్లను కూడా పిలిపించాను. అయిలయ్య ఏమంటాడోనని నాకు భయంగానే ఉంది. నా కొత్త ప్రతిపాదనలో బరువు పెద్ద మందల మీద పడుతుంది. ఒకటో బ్లాకును రెండు ముక్కలు చేసి, ఇళ్ల వైపు ముక్కను తెరవాలి. దానికి బదులు గుట్ట అవతల మూడో బ్లాకును ఈ ఏడే మూయాలి. బంచరాయి వాడుకదారుల కమిటీ అని కొత్తగా ఒకటి ఏర్పాటు చేసి, సంఘంలో లేనివాళ్లను కూడా అందులో వేయాలి.

ఇద్దరు ముగ్గురు కాపరులు లేచి గట్టిగా మాట్లాడారు. సంఘంల లేనోళ్ల కోసం మా మేత మూసుడేందని ఒకతను అడిగాడు. అయిలయ్య అతన్ని కూర్చోమన్నాడు.

“మూడో బ్లాకు మూసుండ్రి మేడమ్. మాకు గదొకటి పోతే ఇంకోటుంటది. దసరా దాటితే ఎట్లాగు మంద వలస తోలుకపోతం. గీళ్లకు గదొక్కటే” అన్నాడు.

ఆ మాట విని సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఈ సంగతి నీకు మేలోనే తెలుసు కదా, అప్పుడు ఎందుకు చెప్పలేదని అందరి ముందే అడిగాను. అయిలయ్య ఏమాత్రం తడబడలేదు.

“మీరు అడిగింది మాకు అభ్యంతరం ఉన్నదా అని. మాకు లేకుండె. గీళ్లకు ఉన్నదా అని మీరు అడగలే. గీళ్లను పిలువను సుత పిలువలే.”

తీర్మానం పాసైంది. ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ, మేకల సంఖ్య అడిగి యాదగిరి రాసుకుంటున్నాడు. వాళ్లు సంకోచం లేకుండా చెబుతున్నారు. బాలమణి పేరు వచ్చింది. ఆమె లేచి, తనవి లేవంది. ఏడు కదా అన్నాను నేను.

“అమ్మేసిన మేడమ్, పోయిన అంగట్ల. మీరు నెల ఆగుమన్నరు, నేను ఆగిన. మేకలు ఆగుతయా?”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. మేకలు లేనప్పుడు కమిటీలో పేరెందుకని ఎవరో అన్నారు. ఉండనీయమని అయిలయ్యే చెప్పాడు. ఆమె సంతకం చేసింది, అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాసింది. ఆ వరుసలో సంతకం చేసినవాళ్లు నలుగురే, మిగతావి వేలిముద్రలు.

ఇక తేలిన సంగతి చెప్పాలి. సవరించిన ప్రణాళిక బాగానే పనిచేసింది. మూసిన ముక్కలో రెండో వానాకాలానికి గడ్డి మోకాలి ఎత్తు వచ్చింది, తంగేడు మధ్యలో రేగు లేచింది. కమిటీ గొడవలు పడుతూనే నడిచింది. నట్టల మందు క్యాంపులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టడం మొదలుపెట్టాం. ఆ ఊరి గురించి నేను శిక్షణ తరగతుల్లో మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టారు. బాలమణి మళ్లీ మేకలు కొనలేదు. ఆమె అత్తకు మేకపాల మీద అలవాటు, ఆ తర్వాత ప్యాకెట్ పాలు తెస్తోందని యాదగిరి చెప్పాడు.

చప్పట్లు కొట్టినవాళ్లకు నేను చెప్పని విషయం ఒకటి ఉంది. రెండో ప్రణాళికకు శుభ్రప్రతి తీసేటప్పుడు మొదటిదాని నిబంధనలన్నీ మళ్లీ చదివాను. సాంకేతిక అధికారి అవసరమనుకుంటే మూసివేతను తాత్కాలికంగా సడలించవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తర్వాత పైకి తెలియజేస్తే చాలు అని అందులో ఒక నిబంధన ఉంది. కరువు వస్తే పనికొస్తుందని నేనే రాశాను. ఆ సాంకేతిక అధికారిని నేనే. బాలమణి మొదటిసారి వచ్చిన రోజున నాలుగు వాక్యాల మెమో రాసి యాదగిరి చేతికిస్తే, ఆ సాయంత్రమే కాపలాదారు పక్కకు తప్పుకునేవాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. తప్పు తెలిసింది, దాన్ని సక్రమంగా, పూర్తిగా, పై నుంచి కింది దాకా దిద్దాలనుకున్నాను. దిద్దే ఆ ఏడు వారాలూ ఆకలితో ఉన్నవి నా మేకలు కావు.

మేత భూమి బాగుచేసే భారం ఎవరి మీద పడుతుందో ముందు చూడాలని చదువుకునే రోజుల్లోనే చెప్పారు, అది నాకు కొత్త కాదు. తప్పు దిద్దడానికి పట్టే కాలం భారం కూడా వాళ్ల మీదే పడుతుందని మాత్రం ఆ ఊళ్లో తెలిసింది. రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన ప్రతి డాక్టర్‌కూ ఒకటే చెప్పాను. పొరపాటని తెలిసిన రోజే కాపలా ఎత్తించండి, ఫైలు ఆ మర్నాడు రాయండి.